ఊరికే తిరగటం

"మగాడు తిరక్క చెడ్డాడు, ఆడది తిరిగి చెడింది" అనే సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మా కృష్ణా డెల్టాలో ఉంటుందని నేననుకోను. మా అమ్మ నోట విన్నాను, అత్తగారి నోట విన్నాను, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన కాలేజీలో సాటి లెక్చరర్ల నోట కూడా విన్నాను. తెలుగు చెప్పేదాన్ని కాబట్టి ఈ సామెతతో నాకింకో సరదా ఉండేది. 'తిరుగు' అనే ధాతువు మీద మగవాళ్ళకి దేశాలు తిరిగినవాడు, లోకం తిరిగినవాడు అనే బిరుదులొచ్చాయి. ఆడవాళ్ళకి తిరుగుబోతు అనే ఒక్క మాట మిగిలింది. అదే ధాతువులోంచి పుట్టిన తిరుగుబాటు మాత్రం నిఘంటువులో ఆ పక్కనే ఉంది. అమ్మాయిలకి ఈ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే క్లాసంతా నవ్వేది. ఆ నవ్వు గంట కొట్టేదాకానే. తర్వాత అందరూ తిన్నగా ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు.

2023 జూన్‌లో నేను డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ వెళ్ళి మూడు వారాలున్నాను. మా అమ్మాయి అక్కడ పరిశోధన చేస్తోంది. తిరిగొచ్చాక ఇరుగుపొరుగూ, చుట్టాలూ అడిగినవి రెండే ప్రశ్నలు. ఏం చూశారు? ఏం కొన్నారు? కుర్చీ నుంచి టీ కప్పు దాకా ప్రతిదాన్నీ తీరుగా తయారుచేస్తారని లోకమంతా పేరున్న ఊరు కదా, ఆ ప్రశ్నలు సహజమే. కొన్నది ఏమీ లేదు, అక్కడి ధరలకి నా పెన్షన్ ఆగదు. చూసింది చెప్పాలంటే మాత్రం ముందు మా తెనాలి గురించి చెప్పాలి.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. ఊరి మధ్య నుంచి మూడు కాలవలు పారతాయి. నాటకాలు, సినిమాలు, కొత్త ఫ్యాషన్లు అన్నీ ముందు మా ఊరికే వచ్చేవని మావాళ్ళ గొప్ప. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరు, చలం చిన్నతనం గడిచిన ఊరు. తమిళనాడు నుంచి వచ్చి ఇక్కడ హోటల్లో సర్వరుగా పనిచేస్తూ 'శారద' పేరుతో తెలుగు నవలలు రాసిన నటరాజన్ ఊరు. కాఫీ హోటళ్ళలో కూర్చుని సాహిత్యం మాట్లాడుకునే సంస్కృతి ఈ ఊరిది. ఆ హోటళ్ళ గురించి మగ రచయితలు ఎన్ని జ్ఞాపకాలు రాశారో! ఒక్క కప్పు కాఫీ ముందు పెట్టుకుని గంటలు గంటలు కూర్చున్నామని మురిసిపోతూ రాసుకున్నారు. ఆ హోటళ్ళలో ఆడవాళ్ళకి ఉన్నది 'ఫామిలీ రూమ్'. దానికో తెర. భర్తో, తండ్రో, అన్నో పక్కనుంటే ఆ తెర వెనక్కి వెళ్ళి ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చెయ్యాలి. మగ పేరుతో రాసిన ఆడవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు గానీ ఆడ పేరుతో రాసిన మగవాడు మా ఊళ్ళో ఉన్నాడు. ఆ శారద కాఫీ అందించిన బల్లల దగ్గర నిజం శారద ఒక్కతీ కూర్చుని ఉండదు. ఆంధ్రా ప్యారిస్‌లో ప్యారిస్ ఎవరికి, వంటిల్లు ఎవరికి అన్నది ఎవరూ అడగలేదు.

నేను పుట్టింది రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో, చదివింది బాపట్లలో, కాపురం తెనాలిలో. ఈ మూడూళ్ళ మధ్యా లెక్కలేనన్నిసార్లు తిరిగాను. ఎప్పుడూ పని మీదే. పెళ్ళి, పురుడు, చావు, పరీక్ష, ఉద్యోగం. మా అమ్మ ఎనభై నాలుగేళ్ళు బతికింది. సముద్రం పొరుగునే ఉన్నా మూడుసార్లు మాత్రమే చూసింది, మూడుసార్లూ కార్తీక పౌర్ణమికే. అంటే సముద్రం చూడటానికి కూడా పుణ్యం అనే పని ఉండాలి. కొలకలూరులో, అంటే మా తెనాలి పక్కనే, పుట్టిన పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథ మనందరికీ తెలుసు. ఇల్లలికి అలికి పేరు మర్చిపోయిన ఆ ఇల్లాలు గడప దాటుతుంది. ఆమె దాటటానికి కూడా ఓ పని ఉంది, పేరు వెతుక్కోవాలి. ఏ పనీ లేకుండా, దేన్నీ వెతుక్కోకుండా, ఊరికే గడప దాటిన ఆడమనిషి మన కథల్లోనే అరుదు. ఇంక వీధుల్లో ఎక్కడ?

మా అమ్మాయి ఉండేది నోరెబ్రో అనే పేటలో. మొదటి రోజు సాయంత్రం నన్ను అక్కడి చెరువుల దగ్గరికి తీసుకెళ్ళింది. ఊరి మధ్యలోకి వెళ్ళే దారిలో పొడుగాటి చెరువులుంటాయి. వాటి మీద లూయిసా రాణి పేరుతో ఓ వంతెన. ఆ వంతెన గోడని ఆనుకుని బెంచీలు. సాయంత్రపు ఎండ పడినంత మేరా మనుషులు కూర్చుని ఉన్నారు. టైము తొమ్మిదయింది, ఎండ ఇంకా పోలేదు. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేసరికి పదవుతుంది. సైకిళ్ళు మాత్రం ఏరులా పోతున్నాయి. ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కుతున్న ఆడవాళ్ళు, అలాగే తొక్కుతున్న మగవాళ్ళు.

"ఇక్కడ ఏం చూడాలే?" అనడిగాను. "ఏమీ లేదమ్మా, కూర్చోవాలి అంతే" అంది.

కూర్చున్నాను. పది నిమిషాలు బానే ఉంది. తర్వాత నా చేతులు ఏం చెయ్యాలో తెలియక చీర కొంగు సర్దుకుంటున్నాయి. ఎవరైనా వస్తారేమో అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాను. నా పక్కన డెబ్భై దాటిన ఓ పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. ఆవిడ ఎవరికోసమూ ఎదురు చూడటంలేదు. ఫోను చూసుకోవటంలేదు. ఐస్‌క్రీమ్ అయిపోయాక కూడా లేవలేదు. అటు పక్క ఓ చిన్న పిల్ల కాళ్ళు రెండూ బెంచీ మీదికి లాక్కుని పుస్తకం చదువుకుంటోంది. ఆ పిల్ల కాళ్ళని ఎవరూ చూడటంలేదు. ఎవరూ చూడటంలేదన్న సంగతి చూస్తున్నది నేనొక్కదాన్నే.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముగ్గురూ కలిసి ముంబై ఆడవాళ్ళ గురించి రాసిన 'వై లాయిటర్?' అనే పుస్తకం 2011లో వచ్చింది. ఆడవాళ్ళకి భద్రత కావాలని అందరూ అంటారు, పనీపాటా లేకుండా వీధిలో నిలబడే హక్కు కావాలని ఎవరూ అనరు అని వాళ్ళ వాదం. మన దగ్గర ఆడవాళ్ళు బయట కనిపించాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఓ సంచీ, ఓ ఫైలు, ఓ పిల్లాడు, కనీసం పూలబుట్ట. పని ఉందని చూపించే గుర్తింపు కార్డులివి. నేను పాఠంలా చదువుకున్న ఈ మాట ఆ బెంచీ మీద నా చేతులకి తెలిసింది. మూడో రోజుకి కొంగు సర్దుకోవటం మానేశాను. వారానికి ఒక్కదాన్నే వెళ్ళటం మొదలుపెట్టాను. కోపెన్‌హాగెన్ అందం నాకు దుకాణాల అద్దాల్లో కనపడలేదు, అక్కడి ఆడవాళ్ళు చాలామంది నల్లప్యాంటూ తెల్ల కాన్వాసు బూట్లూ తప్ప ఏమీ వేసుకోరు. వంతెన మీద కూర్చున్న ఆ పెద్దావిడ నిమ్మళంలో కనిపించింది.

ఈ మాట ఇంతటితో ఆపితే విదేశం వెళ్ళొచ్చినవాళ్ళంతా చెప్పే కబురే అవుతుంది. వాళ్ళు సంస్కారవంతులు, మనం కాదు; వాళ్ళ రక్తంలోనే సమానత్వం ఉంది, మనకి లేదు. ఇది మన ఎన్నారై చుట్టాల నోట విని విని నాకు విసుగు. ఆ నిమ్మళం చలిదేశపు గాలికి మొలిచింది కాదు. దానికి తారీఖులున్నాయి.

స్ట్రోయెట్ అని ఆ ఊరి ప్రధాన బజారు. 1962 నుంచి అందులోకి కార్లు రానివ్వరు. ఖరీదైన కొట్లన్నీ అక్కడే. 1970 ఏప్రిల్ 8న ఆ బజారులో కొందరు ఆడవాళ్ళు ఊరేగింపు తీశారు. సవరాలు, కట్టుడు రొమ్ములు, బిగుతు కోర్సెట్లు, దట్టంగా రంగులు, అంటే ఆడది ఇలా ఉండాలని బజారు చెప్పేవన్నీ నెత్తినెత్తుకుని నడిచి, టౌన్‌హాల్ మైదానంలో అవన్నీ చెత్తబుట్టలో పడేశారు. ఎర్ర మేజోళ్ళవాళ్ళు అని వాళ్ళకి పేరు. ఆ మరుసటి నెలే సిటీ బస్సెక్కి, మాకు మగవాళ్ళ జీతంలో 80 శాతమే ఇస్తున్నారు కాబట్టి టికెట్టు డబ్బులు కూడా 80 శాతమే ఇస్తామని పేచీ పెట్టారు. 1976లో డెన్మార్క్‌లో సమాన వేతన చట్టం వచ్చింది. ఇవాళ తండ్రులు పిల్లల బండ్లు తోసుకుంటూ కనిపిస్తారు. దాని వెనకా చట్టముంది. పిల్లలు పుట్టాక తీసుకునే సెలవులో 11 వారాలు తండ్రి వాడుకోకపోతే పోతాయి, తల్లికి బదలాయించటానికి వీల్లేదు. ఆ నిబంధన 2022 ఆగస్టులో అమలయింది, అంటే నేను వెళ్ళటానికి పది నెలల ముందు. వీళ్ళ రక్తంలో ఉన్నదయితే చట్టం ఎందుకు?

మా అమ్మాయి ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో యాక్ట్‌వై అనే వీధి ఉంది. అందులో 69వ నెంబరు స్థలంలో కార్మికుల భవనం ఒకటి ఉండేది. 1910 ఆగస్టులో అంతర్జాతీయ సోషలిస్టు మహిళల సభ జరిగింది అక్కడే. 17 దేశాల నుంచి వందమందికి పైగా వచ్చారు. ఏటా ఒక రోజు ప్రపంచమంతటా మహిళల దినం జరపాలని క్లారా జెట్కిన్ తదితరులు ప్రతిపాదించింది, సభ ఒప్పుకున్నది ఆ ఇంట్లోనే. అప్పటికి తేదీ ఏదీ అనుకోలేదు. మర్నాటి సంవత్సరం మార్చి 19న నాలుగు దేశాల్లో జరిపారు. మార్చి 8 స్థిరపడింది రష్యాలో 1917లో బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం వీధుల్లోకి వచ్చాక. వాళ్ళు అడిగింది ఓటు. డెన్మార్క్ ఆడవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు 1915లో వచ్చింది. 1980 జూలైలో ఐక్యరాజ్యసమితి మహిళా సదస్సు కూడా ఈ ఊళ్ళోనే జరిగింది. స్త్రీల పట్ల వివక్షని రద్దు చేసే అంతర్జాతీయ ఒప్పందం మీద చాలా దేశాలు అప్పుడే సంతకాలు పెట్టాయి. మన దేశం కూడా ఆ నెలాఖరునే పెట్టింది, ఆమోదించటానికి మాత్రం 1993 దాకా ఆగింది.

యాక్ట్‌వై 69 చూడాలని బయల్దేరితే మా అమ్మాయి నవ్వింది. "అక్కడ ఆ ఇల్లు లేదమ్మా." తర్వాతి కాలంలో ఆ భవనాన్ని కుర్రకారు తమ అడ్డాగా వాడుకున్నారు. 2007 మార్చిలో, అవును మార్చిలోనే, పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించి పడగొట్టారు. నేను వెళ్ళి ఆ పేవ్‌మెంట్ మీద కాసేపు నిలబడి వచ్చాను. తెనాలిలో ఏటా మార్చి 8కి చీరల కొట్ల ముందు 'మహిళా దినోత్సవ ప్రత్యేక తగ్గింపు' బ్యానర్లు కడతారు. కాలేజీలో ముగ్గుల పోటీలు పెట్టేవాళ్ళం. బట్టల మిల్లుల ఆడవాళ్ళ సమ్మెలోంచి పుట్టిన రోజు బట్టల కొట్ల పండగ అయింది. పుట్టిల్లే పడగొట్టేశారు, అత్తింట్లో ముగ్గులు వేయిస్తున్నారు, ఏం చేస్తుంది పాపం ఆ రోజు!

కోపెన్‌హాగెన్ వెళ్ళి మత్స్యకన్య బొమ్మ చూడకుండా రారు కదా. 1913లో రేవు ఒడ్డున రాతి మీద పెట్టిన కంచు బొమ్మ, నాలుగడుగుల పైచిలుకు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో రాసిన కథలోని అమ్మాయి. నాట్యకత్తె ఎలెన్ ప్రైస్‌ని చూసి ఈ బొమ్మ చెయ్యాలనుకున్నారు. బట్టల్లేకుండా కూర్చోనని ఆవిడ ఖండితంగా చెప్పింది. దాంతో శిల్పి తన భార్యని కూర్చోబెట్టాడు. ముఖం ఒకరిది, దేహం ఇంకొకరిది అంటారు. 1964లో ఎవరో ఆ బొమ్మ తల కోసుకుపోయారు. 1984లో చెయ్యి నరికారు. 1998లో మళ్ళీ తల. 2003లో పేలుడు పదార్థం పెట్టి నీళ్ళలోకి పడేశారు. ఇంత శాంతమైన ఊళ్ళో కూడా బయట ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి, కంచుదయినా సరే, ఎవరికో కంటగింపయింది.

కథ గుర్తుందా? నేల మీద నడవటానికి కాళ్ళు కావాలని ఆ పిల్ల మంత్రగత్తెకి తన గొంతు ఇచ్చేస్తుంది. వచ్చిన కాళ్ళతో వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టుంటుంది. నడకకి బదులు నోరు. ఈ బేరం మన ఇళ్ళలో ఎంత మామూలు! చదువుకోనిస్తాం, ఎదురు మాట్లాడకు. ఉద్యోగానికి పంపిస్తాం, జీతం ఎక్కడికి పోతోందని అడగకు. రేపల్లె నుంచి బాపట్ల కాలేజీకి నన్ను పంపేటప్పుడు కూడా మా ఇంట్లో ఇలాంటి ఒప్పందమే జరిగింది. ఎక్కడా ఆగకుండా వస్తాను, ఎవరితోనూ మాట్లాడను. కాళ్ళు వచ్చాయి.

అలాగని అక్కడి నేల అందరికీ మెత్తగా ఉందనుకుంటే పొరపాటు. చెరువుగట్టు మీద నాకు పరిచయమైన ఒకావిడ యాళ్పాణం నుంచి వచ్చిన తమిళురాలు, నా ఈడుదే. ఆఫీసులు ఊడ్చే పని చేసి రిటైరయింది. నాకొచ్చిన అరకొర తమిళంతో మాట్లాడుకున్నాం. యుద్ధానికి జడిసి 80లలో శ్రీలంక తమిళులు చాలామంది ఇక్కడికి శరణార్థులుగా వచ్చారు. ముందు మగవాళ్ళు వచ్చారు, భార్యాపిల్లల్ని తెచ్చుకోవటానికి చట్టంలో హక్కుంది. అయినా అప్పటి న్యాయశాఖ మంత్రి ఆ దరఖాస్తుల్ని తొక్కిపెట్టాడు. అది బయటపడి 1993 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ప్రభుత్వం పడిపోయిందని చరిత్రలో రాశారు, యుద్ధం మధ్యలో పిల్లల్ని పెట్టుకుని కాగితం కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ సంవత్సరాల లెక్క ఎవరు రాశారు? "ఇక్కడ బెంచీ మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరమ్మా. ఎవరూ పలకరించరు కూడా" అందావిడ. ఆ రెండో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

2018 ఆగస్టు 1 నుంచి అక్కడ బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకుంటే జరిమానా. ఆ రోజు నిరసన తెలిపినవాళ్ళు నడిచింది మా అమ్మాయి ఉండే నోరెబ్రో వీధుల్లోనే. ముసుగు వేసుకోమని ఒక చోట, తీసెయ్యమని ఇంకో చోట, రెండు చోట్లా చెప్పేది మాత్రం ఆమె కాదు. 1960లు, 70లలో గ్రీన్‌లాండ్ స్త్రీలకి, చిన్న చిన్న అమ్మాయిలకి కూడా, వాళ్ళకి తెలియకుండా డెన్మార్క్ డాక్టర్లు గర్భనిరోధక లూపులు పెట్టారు. వేలమందికి. దానికి డెన్మార్క్ ప్రధానమంత్రి, ఆవిడా స్త్రీయే, క్షమాపణ చెప్పింది 2025లో. యూరోపియన్ యూనియన్ సంస్థ ఒకటి 2014లో వెలువరించిన సర్వేలో, పదిహేనేళ్ళ వయసు నుంచి ఏదో ఒక శారీరక లేదా లైంగిక హింస అనుభవించామన్న ఆడవాళ్ళు డెన్మార్క్‌లో 52 శాతం. ఆ దేశాలన్నిట్లో అదే ఎక్కువ, సగటు 33. చెప్పుకునే ధైర్యం ఎక్కువ కాబట్టి అంకె పెరిగిందని కొందరంటారు. అది కొంత నిజం కావచ్చు. వంతెన మీద నిర్భయంగా కూర్చున్న ఆడవాళ్ళలో ఇంటికెళ్ళాక భయపడేవాళ్ళు ఎందరో ఆ బెంచీ చెప్పదు.

జూన్ 23 రాత్రి సముద్రపు ఒడ్డున పెద్ద మంటలు వేస్తారు, అది వాళ్ళ నడివేసవి పండగ. చుట్టూ పాటలు, పిల్లల కేరింతలు. మంట మీద గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మ, దానికి పాత గౌను. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అక్కడ నిజం ఆడవాళ్ళనే అలా తగలబెట్టారు. బొమ్మని కాల్చే ఆచారం మాత్రం ఇటీవలిదే, నూరేళ్ళ పైచిలుకు. ఇదేం సరదా అని అక్కడి ఆడవాళ్ళు కొందరు అడుగుతూనే ఉన్నారు, కొన్ని చోట్ల బొమ్మ లేకుండానే మంట వేస్తున్నారట. గౌను అంటుకున్నప్పుడు చప్పట్లు కొడుతున్న జనంలో నిలబడి నేను మన ఊళ్ళలో చేతబడి పేరుతో చంపిన ఆడవాళ్ళని తల్చుకున్నాను. స్టైలున్న ఊరయినా, లేని ఊరయినా, ఒంటరి ముసలావిడంటే లోకానికి ఒకటే అనుమానం.

ఆ రాత్రి మంట దగ్గర నుంచి నడిచి వస్తూ మా అమ్మాయితో ఇవన్నీ అన్నాను. ఇక్కడా అంతేగా, మరి ఇంటికొచ్చెయ్యరాదూ అని నా లోపలి మాట. అది గ్రహించింది. టైము పన్నెండు దాటింది, డ్రైవరు లేని మెట్రో రైలు రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. "నువ్వు చెప్పినవన్నీ నిజమే అమ్మా. వీటి మీద ఇక్కడ రోజూ పోట్లాడుతూనే ఉంటాం. కానీ నేను తెనాలి రాను. అక్కడ నేను నడవలేను" అంది.

ఇంటర్ చదివేటప్పుడు దాన్ని కాలవ గట్టు మీద ఏడాది పాటు ఓ గుంపు బళ్ళ మీద వెంటాడింది. ఇంట్లో అందరూ ఆలోచించి ఆటో మాట్లాడారు. అందరి ఇళ్ళలోనూ జరిగేదే. ఆటో వచ్చింది, కాలవ గట్టు పోయింది. గుంపు అక్కడే ఉంది. మా అమ్మాయికి అమెరికా డబ్బూ యూరప్ సోకూ కావాల్సి వచ్చి దేశం విడిచిందని చుట్టాలంటారు. అది విడిచింది ఒక గట్టు కోసం. ఒక ఊరు ఆడపిల్లల్ని ఇలా పోగొట్టుకుంటుందని, దాన్ని ఏ వలసల లెక్కలోనూ రాయరని నాకు ఆ రాత్రి అర్థమయింది.

నేను జవాబు చెప్పలేదు. ఏం చెప్పను? లోపలుంటే భద్రమని చెప్పనా? 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో హత్యకి గురైన అయేషా మీరా మా తెనాలి అమ్మాయి. ఆమె ఉన్నది వీధిలో కాదు, ఆడపిల్లల హాస్టల్లో. కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషని వదిలిపెట్టింది. మరి ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది, కన్నతల్లి ఆ ప్రశ్న పట్టుకుని కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే వచ్చింది. ఇదీ తిరగటమే. పక్కన భర్త ఉంటే భద్రమని చెప్పనా? 2022 మే 1 తెల్లవారుజామున రేపల్లె రైల్వే స్టేషన్లో ఒక నిండు గర్భిణి మీద అత్యాచారం జరిగింది. కూలిపనికి వలస పోతూ, రాత్రి బస్సు లేక, భర్తతో, పిల్లలతో ప్లాట్‌ఫారం మీద పడుకున్న మనిషి. తెనాలి నుంచి వెళ్ళే రైలు ఆగిపోయే చివరి స్టేషనది. నా చిన్నతనంలో ఎన్నోసార్లు దిగిన ప్లాట్‌ఫారం. ఆ వార్త చదివిన రోజున మావాళ్ళందరూ అన్న మాట, "అంత రాత్రి అక్కడెందుకు పడుకున్నారు?" ఎందుకు పడుకున్నారంటే పొద్దున్నే పనికి పోవాలి కాబట్టి. పని ఉన్నా సరే, ఆమె చేతిలో గుర్తింపు కార్డు చాలలేదు.

ఈ మూడూళ్ళలో ఏమీ జరగలేదనీ కాదు. బాపట్లలో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికలో శారద పేరుతో లేఖలు రాసి ఆడవాళ్ళతో లోకం సంగతులన్నీ మాట్లాడారు. 1931లో బాపట్లలోనే స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. చదువు, కుట్టుపని, సభలు ఏ పేరుతోనయితేనేం, సాయంత్రం పూట ఆడవాళ్ళు ఇల్లు వదిలి ఇంకో చోట కలిసి కూర్చోవటం ఆ రోజుల్లో చిన్న సంగతా? ఎర్ర మేజోళ్ళవాళ్ళ కంటే నలభై ఏళ్ళ ముందు. అక్కడి బెంచీకి తారీఖులున్నట్టే ఇక్కడి చాపకీ ఉన్నాయి. మనం వాటిని గుర్తుపెట్టుకోలేదంతే.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి ఉచిత బస్సు మొదలయింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏదెక్కినా ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. టీవీల్లో, టీకొట్ల దగ్గర ఒకటే గోల. పనీపాటా లేకుండా బస్సులెక్కి తిరుగుతున్నారట, మగవాళ్ళకి సీట్లే దొరకటంలేదట. ఆ మాట వింటుంటే నాకు పాత సామెతే కొత్త చొక్కా వేసుకొచ్చినట్టుంది. డెన్మార్క్ ఆడవాళ్ళు 80 శాతం ఇస్తామన్నారు, మనవాళ్ళకి సున్నా అయింది. ప్రభుత్వాలు ఓట్ల కోసం ఇచ్చాయనేది నిజమే. ఆ కోపెన్‌హాగెన్ చట్టాలూ ఓట్ల కోసమే వచ్చాయి. ఓటుండటం అంటే అదే కదా!

ఆ తర్వాత నేనూ నెలకి రెండుసార్లు బస్సెక్కుతున్నాను. తెనాలి నుంచి రేపల్లె, తెనాలి నుంచి బాపట్ల. బాపట్లలో దిగి సూర్యలంక సముద్రం దాకా పోయిన రోజులూ ఉన్నాయి. కార్తీకం కాని నెలలో, పుణ్యం ఊసు లేకుండా, నలుగురం రిటైరయినవాళ్ళం ఇసకలో కూర్చుని వేరుశనక్కాయలు తిని వచ్చాం. దిగినచోట ఏం లేవో అప్పుడు తెలుస్తుంది. కూర్చోవటానికి నీడ ఉన్న బెంచీ, శుభ్రమైన, లోపల గడియ పడే మరుగుదొడ్డి, చీకటి పడ్డాక వెలిగే దీపం, రాత్రి పదింటికి ఓ బస్సు. బస్సు ఊరు దాటిస్తుంది, నిలబెట్టదు. అడగాల్సినవి ఇంత చిన్నవి. కోపెన్‌హాగెన్‌లో నేను చూసినవీ ఇవే, రాజమహళ్ళు కాదు. వీటితో హింస పోతుందా అంటే పోదు, 52 శాతం చెప్తూనే ఉంది. వీటితో వీధిలో మనం నలుగురం కనిపిస్తాం. నలుగురున్న చోట ఐదో మనిషికి, రాత్రి బస్సు తప్పిపోయిన ఆ కూలి మనిషికి, పక్కన చోటు దొరుకుతుంది. పైగా మన నలుగురం పలకరిస్తాం. ఆ యాళ్పాణం ఆవిడకి దొరకనిది మన దగ్గరుంది.

మొన్న రేపల్లె బస్సులో వేమూరు దగ్గర ఓ పెద్దావిడ ఎక్కింది. చేతిలో సంచీ లేదు, బుట్ట లేదు. కండక్టరు చిన్న కుర్రాడు, టికెట్టు కొడుతూ మర్యాదగానే అడిగాడు.

"ఎక్కడికి మామ్మా? ఏం పని మీద?"

"ఊరికే నాయనా" అందావిడ.

ఏ ఊరికే అని మళ్ళీ అడిగాడు కుర్రాడు. బస్సులో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆవిడా నవ్వి, కిటికీ పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.